సాక్షి మాట నిలవనప్పుడు: నమ్మదగని సాక్ష్యం, నిర్దోషిగా విడుదల

సోలై నగర్ (పుదుచ్చేరి): 2013 నవంబరు 27న పుదుచ్చేరి ప్రధాన జిల్లా, సెషన్స్ న్యాయమూర్తి సి.ఎస్. మురుగన్ కాంచీపురం శంకరరామన్ హత్య కేసులో తీర్పు వెలువరించారు. కంచి కామకోటి పీఠాధిపతి జయేంద్ర సరస్వతి, ఉత్తరాధికారి విజయేంద్ర సరస్వతి సహా విచారణలో మిగిలిన 23 మందీ నిర్దోషులుగా విడుదలయ్యారు. ప్రాసిక్యూషన్ న్యాయస్థానం ఎదుట ప్రవేశపెట్టిన సాక్షులు 189 మంది. వారిలో 83 మంది పోలీసులకు ఇచ్చినట్లు నమోదైన వాంగ్మూలాలకు కట్టుబడలేదు. అంటే నూటికి 44 మంది. సాక్షులు నిలవకపోవడం వల్ల నేర విచారణ ఎలా కూలిపోతుందో తెలుసుకోదలచిన వారికి ఈ పట్టణంలో జరిగిన ఆ విచారణకు మించిన ఉదాహరణ దక్షిణాదిన అరుదు.

కేసు నేపథ్యం తెలుగు పాఠకులకు కొంత పరిచితమే. కాంచీపురం వరదరాజ పెరుమాళ్ ఆలయ మేనేజరు శంకరరామన్ 2004 సెప్టెంబరు 3న ఆలయ ప్రాంగణంలోనే హత్యకు గురయ్యారు. మఠం నిర్వహణపై ఆయన రాసినట్లు చెప్పిన ఆరోపణల లేఖలే హత్యకు కారణమని ప్రాసిక్యూషన్ వాదన. అదే ఏడాది నవంబరు 11న, దీపావళి రోజుల్లో, తమిళనాడు పోలీసులు జయేంద్ర సరస్వతిని అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగర్‌లో అరెస్టు చేశారు. 2005 జనవరి 10న సుప్రీంకోర్టు ఆయనకు బెయిలు మంజూరు చేసింది. ఆ ఏడాది అక్టోబరు 26న అదే న్యాయస్థానం కేసును చెంగల్పట్టు సెషన్స్ కోర్టు నుంచి పుదుచ్చేరికి బదిలీ చేసింది. మఠం బ్యాంకు ఖాతాల స్తంభన, సహనిందితులపై గూండా చట్టం ప్రయోగం, నిందితుల పక్షాన మాట్లాడిన వారిపై కేసులు వంటి రాష్ట్ర ప్రభుత్వ చర్యల దృష్ట్యా అక్కడ నిష్పాక్షిక విచారణ జరగదన్న భయం నిరాధారం కాదని సుప్రీంకోర్టు భావించింది. పోలీసులది ఒక రాష్ట్రం, న్యాయస్థానం మరొక పాలనా ప్రాంతం కావడంతో పబ్లిక్ ప్రాసిక్యూటరును ఎవరు నియమించాలన్న వివాదం సైతం తలెత్తింది. ఆ అధికారం పుదుచ్చేరి ప్రభుత్వానిదేనని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది.

సాక్షుల విచారణ 2009లో మొదలైంది. హత్య జరిగి అప్పటికి నాలుగున్నర ఏళ్లు గడిచాయి. మొదట 24 మంది ఉన్న నిందితుల్లో ఒకరు 2013 మార్చిలో చెన్నైలో హత్యకు గురయ్యారు. క్షమాభిక్ష పొంది ప్రభుత్వ సాక్షిగా మారిన అప్రూవరు బోనులో ఎదురు తిరిగారు. మృతుని కుటుంబ సభ్యులు నిందితులను గుర్తించలేదు. కుట్రకు ప్రేరణ రుజువు కాలేదని న్యాయమూర్తి నిర్ధారించారు. దర్యాప్తు అధికారుల తీరుపైనా తీర్పులో విమర్శ ఉంది.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. 83 మంది ఎదురు తిరిగారన్న సంఖ్య చూసి, సాక్షులను ఎవరో లొంగదీశారని కొందరు, పోలీసులు కట్టుకథ అల్లారని కొందరు వెంటనే తీర్మానిస్తారు. సంఖ్య ఒక్కటే ఈ రెండింటిలో దేనినీ రుజువు చేయదు. సాక్షి మొదట చెప్పింది అబద్ధం కావచ్చు, తరువాత చెప్పింది అబద్ధం కావచ్చు, మొదటిది అసలు చెప్పకపోయి ఉండవచ్చు. ఈ మూడవ అవకాశం గురించి మాట్లాడేవారు తక్కువ. నిజానికి మన చట్టం ఎక్కువగా తలపోసింది దానినే.

పోలీసు వాంగ్మూలానికి ఉన్న విలువ

దర్యాప్తు దశలో పోలీసు అధికారి సాక్షిని ప్రశ్నించి నమోదు చేసుకునే వాంగ్మూలానికి నిన్నటి వరకు నేర విచారణ స్మృతిలోని 161వ సెక్షన్ ఆధారం. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 180వ సెక్షన్. ఆ వాంగ్మూలంపై సాక్షి చేత సంతకం చేయించరాదు. న్యాయస్థానంలో అది సాక్ష్యం కాదు. సాక్షి బోనులో చెప్పిన మాటకు, ఆ కాగితంలో ఉన్న మాటకు తేడా ఉందని ఎత్తి చూపడానికి మాత్రమే అది పనికివస్తుంది. పోలీసులు తమకు కావలసినట్లు రాసుకునే ప్రమాదం ఉందన్న అనుమానంతోనే చట్టకర్తలు ఈ కట్టడి విధించారు. కాబట్టి ఒక సాక్షి ‘నేను అలా చెప్పలేదు’ అన్న క్షణాన, ఆ కాగితంలోని కథ ఎంత నిండుగా ఉన్నా ప్రాసిక్యూషన్ చేతిలో మిగిలేది శూన్యం.

ఎదురు తిరిగిన సాక్షిని పత్రికలు ‘అడ్డం తిరిగిన సాక్షి’ అంటాయి, న్యాయవాదులు ‘హోస్టైల్ విట్‌నెస్’ అంటారు. చట్టంలో మాత్రం ఆ మాట లేదు. 1872 నాటి సాక్ష్య చట్టం 154వ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 157వ సెక్షన్ చెప్పేది ఇంతే: తాను పిలిచిన సాక్షిని, ఎదుటి పక్షం అడగదగిన ప్రశ్నలు అడిగేందుకు న్యాయస్థానం అనుమతించవచ్చు. అంటే ప్రాసిక్యూటరు తన సాక్షినే ఎదురు విచారణ చేయవచ్చు. అంతమాత్రాన ఆ సాక్షి చెప్పినదంతా తుడిచిపెట్టుకు పోదు. 1975లో సత్పాల్ వర్సెస్ ఢిల్లీ అడ్మినిస్ట్రేషన్ కేసులో సుప్రీంకోర్టు ఈ అపోహను తొలగించింది. అలాంటి సాక్ష్యంలో నమ్మదగిన భాగం ఉంటే, దానికి ఇతర ఆధారాల బలం ఉంటే, న్యాయస్థానం దానిని స్వీకరించవచ్చు.

అబద్ధం ఒకటి దొరికితే అంతా అబద్ధమేనన్న పాశ్చాత్య సూత్రాన్ని సైతం మన న్యాయస్థానాలు నియమంగా అంగీకరించలేదు. పొట్టు చెరిగి గింజ తీసుకోవాలన్నది ఇక్కడి పద్ధతి. అయితే పొట్టు, గింజ విడదీయరానంతగా కలిసిపోతే మొత్తం పారబోయక తప్పదు. ఈ పోలిక తీర్పుల్లో తరచుగా కనిపిస్తుంది. వ్యవసాయం ఎరిగిన దేశంలో ఇది సహజమే.

మూడు రకాల సాక్షులు

సాక్షుల సంఖ్యకు, సత్యానికి సంబంధం లేదని చట్టం మొదటి నుంచీ చెబుతోంది. ఒక విషయం రుజువు చేయడానికి ఇంతమంది సాక్షులు కావాలన్న నియమం లేదు. 1957లో వడివేలు తేవర్ వర్సెస్ మద్రాసు రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు ఒకే ఒక సాక్షి మాటపై హత్యానేర శిక్షను సమర్థిస్తూ సాక్షులను మూడు తరగతులుగా విభజించింది. పూర్తిగా నమ్మదగినవారు మొదటి తరగతి, ఏమాత్రం నమ్మదగనివారు రెండవ తరగతి. ఈ ఇరువురి విషయంలో న్యాయమూర్తికి ఇబ్బంది లేదు. చిక్కంతా ఇటూ అటూ కాని మూడవ తరగతితోనే. వారి మాటకు మరొక చోటి నుంచి ఊతం దొరికితేనే నమ్మాలి. దేశంలోని నేర విచారణల్లో కనిపించే సాక్షుల్లో అత్యధికులు ఈ మూడవ తరగతికి చెందినవారేనని తీర్పులు చదివే ఎవరికైనా అర్థమవుతుంది.

అప్రూవరు పరిస్థితి మరింత సున్నితమైనది. నేరంలో పాలుపంచుకున్నానని ఒప్పుకొని, క్షమాభిక్షకు ప్రతిగా తోటివారి పేర్లు చెప్పే మనిషి మాట మీద శిక్ష వేయడం చట్టవిరుద్ధం కాదు. కానీ ముఖ్యమైన అంశాల్లో మరో ఆధారం లేనిదే అతణ్ణి నమ్మరాదన్న జాగ్రత్త కూడా అదే చట్టంలో ఉంది. రహస్య కుట్రను నిరూపించాల్సిన కేసుల్లో లోపలి మనిషి అతడొక్కడే. పుదుచ్చేరి కేసులో అతడే జారిపోయాక, లేఖలకూ హత్యకూ మధ్య వంతెన కట్టగల వారు మిగల్లేదు.

చిన్న తేడాలకు, మౌలిక వైరుధ్యాలకు మధ్య గీత ఎక్కడ గీయాలన్నది మరో ప్రశ్న. గడియారం చూసి దెబ్బలాట చూసేవారు ఉండరు. అందువల్ల అరగంట అటూ ఇటూ అయినా, చొక్కా రంగు తప్పు చెప్పినా సాక్షిని తోసిపుచ్చరాదని 1984లో ఎం.కె. ఆంథొనీ కేసులో సుప్రీంకోర్టు సూచించింది. మొత్తం చదివినప్పుడు సాక్ష్యంలో నిజం ధ్వనిస్తున్నదా లేదా అన్నదే చూడాలని చెప్పింది. పొల్లు పోకుండా అప్పజెప్పే సాక్షినే అనుమానించాలని అనుభవం గల న్యాయవాదులు అంటారు. వారి మాట సబబే.

చుండూరు: జ్ఞాపకం, కాలం, గుంపు

సాక్షులు ఎదురు తిరగకపోయినా సాక్ష్యం నిలవకపోవచ్చు. గుంటూరు జిల్లా చుండూరులో (ప్రస్తుతం బాపట్ల జిల్లా) 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులు ఊచకోతకు గురయ్యారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఆ ఊళ్లోనే ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానం 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ కారాగారం, 35 మందికి ఏడాది జైలు శిక్ష విధించింది. దాడికీ తీర్పుకూ మధ్య 16 ఏళ్లు. 2014 ఏప్రిల్ 22న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు వారందరినీ విడుదల చేసింది. మరణాలు కచ్చితంగా ఏ సమయంలో, ఏ చోట జరిగాయో, దాడి చేసినవారు ఎవరో ప్రాసిక్యూషన్ సందేహాతీతంగా నిరూపించలేదని, సాక్షుల కథనాల్లో పొంతన లేదని ధర్మాసనం పేర్కొంది. ఆ తీర్పుపై సుప్రీంకోర్టులో అప్పీళ్లు దాఖలయ్యాయి.

ఈ తీర్పు తెలుగు సమాజంలో తీవ్ర చర్చకు దారి తీసింది. ఆ చర్చ న్యాయశాస్త్రపరంగానూ విలువైనదే. గుంపు దాడుల విషయంలో 1964 నాటి మసాల్తీ కేసు ఒక కొలబద్ద నెలకొల్పింది. పెద్ద గుంపు మరో గుంపుపై దాడి చేసినప్పుడు, ఒక నిందితుడిని కనీసం ఇద్దరు ముగ్గురు సాక్షులు పొంతన గల కథనంతో గుర్తిస్తేనే శిక్షించడం క్షేమమన్నది దాని సారం. నిర్దోషులు ఇరుక్కోకుండా కాపాడే సూత్రమిది. కానీ ప్రాణభయంతో పొలాల వెంట పరుగెత్తిన మనిషి ఎవరు ఎవరిని ఏ గట్టు మీద ఎన్ని గంటలకు నరికారో చెప్పగలగాలని ఆశించడం ఎంతవరకు సమంజసం? అది చెప్పలేకపోవడం అబద్ధానికి గుర్తా, నిజంగా అక్కడ ఉన్నాడనడానికి గుర్తా? వ్యాసకర్త దృష్టిలో, సాక్షి లోపాన్ని తూచేటప్పుడు విచారణలో జరిగిన జాప్యాన్ని ఆ లోపం నుంచి మినహాయించాలి. పదహారేళ్ల ఆలస్యం సాక్షి చేసినది కాదు.

జాప్యం వల్ల సాక్షి ఒంటరి కూడా అవుతాడు. ముఖ్య విచారణ ఒక రోజు, ఎదురు విచారణ నెలల తరువాత మరో రోజు జరిపే అలవాటును 2015లో వినోద్ కుమార్ వర్సెస్ పంజాబ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు గట్టిగా తప్పుపట్టింది. ఆ కేసులో రెండింటికీ మధ్య సుమారు 20 నెలల ఎడం వచ్చింది. ఆలోగా సాక్షి మాట మారింది.

అనువాదంలో పుట్టే వైరుధ్యం

‘సాక్షి’ అన్న మాటలోనే ‘అక్షి’, అంటే కన్ను, ఉంది. స్వయంగా చూసినవాడే సాక్షి అని పాణిని వ్యాకరణం నిర్వచించింది. నోటి సాక్ష్యం ప్రత్యక్షమై ఉండాలన్న నేటి చట్టం (సాక్ష్య అధినియమ్ 55వ సెక్షన్) చెప్పేదీ అదే. ఎవరో చెప్పగా విన్నది చెల్లదు. తెలుగులో ఈ భేదాన్ని ఒక్క ప్రత్యయం తేల్చివేస్తుంది. ‘పొడిచాడు’ అంటే చూశానన్న భావన, ‘పొడిచాడట’ అంటే విన్నానన్న ఒప్పుకోలు. ఇంగ్లీషులో టైపయ్యే వాంగ్మూలంలో ఈ ‘అట’ తరచుగా జారిపోయేది. అనువాదకుడికి అది చిన్న మాట. ఎదురు విచారణలో ‘స్వయంగా చూశారా?’ అన్న ప్రశ్నకు సాక్షి ‘లేదు’ అంటే, కాగితం ప్రకారం అతడు మాట మార్చినట్లే. నిజానికి అతడు రెండుసార్లూ ఒకటే చెప్పాడు.

ఇలాంటివి మరికొన్ని ఉన్నాయి. ఇవి ఏ కేసు రికార్డు నుంచీ తీసినవి కావు, అనువాద పనిలో ఎదురయ్యే మాటలే. ‘వారు వచ్చారు’ అన్నప్పుడు వచ్చినది గౌరవనీయుడైన ఒక్కరు కావచ్చు, పదిమంది కావచ్చు. ‘రామయ్య వాళ్లు’ అంటే రామయ్యతో పాటు మరికొందరు. ‘చెయ్యి’ భుజం నుంచి వేలి కొన వరకు, ‘కాలు’ తొడ నుంచి పాదం వరకు వర్తిస్తాయి. పోస్టుమార్టం నివేదిక ముంజేతిపై గాయం అంటే, అనువాదంలో అరచేయి అని పడితే, సాక్షి వైద్యుడితో విభేదించినట్లు కనిపిస్తాడు. ‘కత్తి’ అన్న ఒక్క మాట కూరగాయలు తరిగే చాకుకూ, వేటకత్తికీ చెల్లుతుంది. పొడవడం, నరకడం, కోయడం వేరువేరు గాయాలు మిగులుస్తాయి. గాయం తీరుకూ ఆయుధానికీ పొంతన కుదరకపోతే ప్రత్యక్ష సాక్షి స్థానమే సందేహంలో పడుతుంది.

కుట్ర కేసుల్లో అన్నింటికంటే కీలకమైనది ‘మనం’, ‘మేము’ భేదం. ‘ఆ పని మేం చూసుకుంటాం’ అంటే విన్నవాడు కుట్రకు వెలుపల ఉన్నాడు. ‘మనం చూసుకుందాం’ అంటే లోపల ఉన్నాడు. ఒకటి అతణ్ణి సాక్షిగా నిలుపుతుంది, రెండవది నిందితుడిగానో అప్రూవరుగానో మారుస్తుంది. తమిళంలోనూ ఈ భేదం ఉంది. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట.

చట్టం ఈ చిక్కును విస్మరించలేదు. సాక్షి మాట్లాడిన భాషలోనే సాక్ష్యం నమోదు చేయాలని, అది సాధ్యం కానప్పుడు న్యాయస్థానపు భాషలో యథార్థ అనువాదం సిద్ధం చేయాలని సురక్షా సంహిత 312వ సెక్షన్ చెబుతుంది. నమోదైన దానిని సాక్షికి చదివి వినిపించి, తప్పులుంటే సవరించే అవకాశం 313వ సెక్షన్ ఇస్తుంది. పుదుచ్చేరికి ఇది తీరిక వేళ మాట్లాడుకునే విషయం కాదు. తమిళం ప్రధాన భాషగా ఉన్న ఈ కేంద్రపాలిత ప్రాంతంలో యానాం తెలుగు మాట్లాడుతుంది, మాహే మలయాళం మాట్లాడుతుంది, అన్నీ మద్రాసు హైకోర్టు పరిధిలోనివే.

ఎదురు తిరిగితే శిక్ష ఉందా?

ఉంది, కానీ అరుదుగా పడుతుంది. న్యాయ ప్రక్రియలో తప్పుడు సాక్ష్యం చెప్పినవారికి భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. వడోదర బెస్ట్ బేకరీ కేసులో 2003లో నిందితులు 21 మంది విడుదలయ్యాక, 2004 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు మహారాష్ట్రలో పునర్విచారణకు ఆదేశించింది. పలుమార్లు మాట మార్చిన ప్రధాన సాక్షికి 2006 మార్చిలో కోర్టు ధిక్కారం కింద ఏడాది జైలు విధించింది. సాక్షిని శిక్షించడం సులభం. ఆమె ఎందుకు మాట మార్చిందో తేల్చడం కష్టం.

బెదిరింపు నుంచి రక్షణ విషయంలో చెప్పుకోదగ్గ మార్పు 2018 డిసెంబరు 5న వచ్చింది. మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించి, పార్లమెంటు చట్టం చేసేవరకు అదే చట్టమని ప్రకటించింది. జిల్లా జడ్జి అధ్యక్షతన కమిటీ, ముప్పు తీవ్రతను బట్టి మూడు వర్గాలు, పోలీసు అధికారి నుంచి నివేదిక, అవసరమైతే నివాసం మార్పు, గుర్తింపు గోప్యత అందులో ఉన్నాయి. అలాంటి పథకాన్ని ప్రతి రాష్ట్రమూ రూపొందించాలని సురక్షా సంహిత 398వ సెక్షన్ ఇప్పుడు నిర్దేశిస్తోంది. పదేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో పోలీసులు తీసుకువచ్చిన సాక్షి వాంగ్మూలాన్ని మేజిస్ట్రేటు నమోదు చేయడం 183వ సెక్షన్ కింద తప్పనిసరి అయింది. ఇది ప్రమాణం చేయించి తీసుకునే వాంగ్మూలం కనుక, తరువాత ‘నేను చెప్పలేదు’ అనడం పోలీసు కాగితం విషయంలో అన్నంత తేలిక కాదు.

విడుదల తీర్పును పై కోర్టు తిరగదోడడం సైతం తేలిక కాదు. నిందితుడు నిర్దోషి అన్న భావన విడుదలతో మరింత బలపడుతుందని, ఒకే సాక్ష్యం నుంచి రెండు నిర్ణయాలకు వీలున్నప్పుడు కింది కోర్టు నిర్ణయాన్ని మార్చరాదని 2007లో చంద్రప్ప కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వం అప్పీలు చేయకపోయినా బాధితులు స్వయంగా చేసుకునే హక్కు 2009 డిసెంబరు 31 నుంచి అమలులో ఉంది.

జయేంద్ర సరస్వతి 2018 ఫిబ్రవరి 28న కాంచీపురంలో మరణించారు. తొమ్మిదేళ్లు నిందితులుగా ఉన్న 23 మందిపై నేరం రుజువు కాలేదు. ఆలయంలో శంకరరామన్‌ను హతమార్చినందుకు ఏ న్యాయస్థానమూ ఇంతవరకు ఎవరినీ దోషిగా నిర్ధారించలేదు.